చెదలు తిన్న చివరి అధ్యాయం

ఇరవై ఒక్క ఏళ్ళకే రిటైరైన మనిషిని నేను. మా ఇంట్లో నన్ను "వజీఫా రాని రిటైరు", అంటే పింఛను లేని రిటైరు, అని ఏడిపిస్తారు. మీరూ నవ్వుకోండి, నాకేం కోపం లేదు. సూర్యాపేటలో మేం చేసిన, ఇంటింటికీ పుస్తకాలు మోసే పని మళ్ళీ మొదలవుతోందనీ, మీలో ఇద్దరు ముగ్గురు చేరబోతున్నారనీ విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను, చెల్లెళ్ళారా. పుస్తకానికి అట్ట ఎలా వెయ్యాలో, సంచి ఏ భుజానికి తగిలించుకుంటే నొప్పి తక్కువో మీకు ఎవరైనా చెబుతారు. నేను ఆ పని దేనివల్ల మానుకున్నానో, అది మాత్రం ఎవరూ చెప్పరు. చేసింది నేను కాబట్టి నేనే చెప్పాలి.

నేను చదివింది నాలుగో తరగతి. మా నాయన వడ్రంగి, పఠనమందిరానికి అల్మారాలు చేసింది ఆయనే. అల్మారాలతో పాటు నన్నూ అక్కడే దించేసి వచ్చాడని మా అమ్మ అనేది. ఆడవాళ్ళు పఠనమందిరానికి రారు కదా, పుస్తకమే వాళ్ళ దగ్గరికి పోవాలి. మోసుకుపోవడానికి ఆడపిల్లే కావాలి. చాలా ఇళ్ళల్లో చదవడం వచ్చినవాళ్ళు ఉండరు కాబట్టి పుస్తకం ఇచ్చి వస్తే సరిపోదు, కూర్చుని చదివి వినిపించాలి. నా నోరు మా వాడలో అందరికీ తెలుసు. ఆ ఉద్యోగం నా కోసమే పుట్టిందనుకున్నాను.

పఠనమందిరాన్ని చూసుకునేది ఒక ముసలి పంతులుగారు. బడి ఉద్యోగం అయిపోయాక ఇందులో పడ్డారు. ఆయన దగ్గర ఎర్ర అట్టల ఇంగ్లీషు పుస్తకాలు ఆరు ఉండేవి. రోడ్డు పని చేయించిన ఒక దొర ఊరు విడిచి పోతూ చెక్కపెట్టెలో వదిలేసినవి. ఆరూ ఒక్కరు రాసినవే. ఓడలు, దీవులు, తుఫానులు, దారి తప్పినవాళ్ళు. ఆ రచయిత పేరు ఇక్కడ రాయను, రాసినా మీరు విని ఉండరు. వాళ్ళ దేశంలోనే ఆయన్ని ఎవరూ చదవరట. పంతులుగారికి మాత్రం ఆయనంటే ప్రాణం.

"పేరుమోసినోళ్ళ కథలల్ల వీరునికి ఆకలే కాదు బిడ్డా. కత్తి దిప్పుడే పని. గీయన సూడు, ఒక్కో అధ్యాయంల వాళ్ళు ఏం దిన్నరో, ఏడ పండుకున్నరో అన్నీ రాస్తడు. గిసొంటోన్ని నమ్మొచ్చు," అనేవారు.

మా పద్ధతి ఇది. పొద్దున ఆయన ఒక అధ్యాయం చదువుకుని నాకు తెలుగులో చెప్పేవారు. నేను నోటుబుక్కులో నా మాటల్లో రాసుకునేదాన్ని. మధ్యాహ్నం ఇళ్ళల్లో అది చదివేదాన్ని. పంతులుగారు ముందే ఒక మాట అన్నారు: "పేర్లు మార్చుకో, నోరు దిరగనియి తీసెయ్. కథ మాత్రం ముట్టకు." ఊ అన్నాను. ఊ అనడం నాకు చాలా తేలిక.

మేం ఎత్తుకున్న పుస్తకంలో ఓడ పగిలి ఒక సరంగు, అంటే ఓడ నడిపేవాళ్ళలో ఒకడు, దీవిలో ఒంటరిగా మిగిలిపోతాడు. మంచి కథ. వచ్చిన చిక్కల్లా పుస్తకానికి చివర నలభై పేజీలు లేకపోవడమే. వెనకట్ట వైపు నుంచి చెదలు తినేశాయి. పంతులుగారు ఊరుకోక, పుస్తకంలో ఉన్న ముద్రణశాల చిరునామాకి ఉత్తరం రాశారు, సరంగు ఏమయ్యాడో రచయితను అడిగి తెలియజేయండని. "ఆయన బతికున్నడో లేడో, బతికుంటే జవాబిస్తడు" అన్నారు. ఆ మాట అని ఆయన మరిచిపోలేదు, నేను మరిచిపోయాను.

గురువారాలు నేను పోయేది చివ్వెంల ఊరికి. అక్కడ ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు వినేవారు. కోడలిని నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, మూడేళ్ళ ఆడపిల్ల తల్లి. భర్త ఆముదాల బండి తోలుకుని మిర్యాలగూడ పోయాడు, తిరిగి రాలేదు. బండీ రాలేదు, ఎడ్లూ రాలేదు. అప్పటికి నెల.

అది సర్కారుకూ ఊళ్ళకూ మధ్య గొడవల కాలం. ఊళ్ళల్లో మగవాళ్ళు మాయమయ్యేవారు. కొందరు అడవి పట్టారు, కొందరిని ఎత్తుకుపోయారు, కొందరి సంగతి ఎవరికీ తెలియదు. దాక్కున్నవాళ్ళ కబురు ఎవరూ సూటిగా చెప్పేవారు కాదు. గాజులమ్ముకునేవాళ్ళు వచ్చి "పెద్దెద్దు మేత మేస్తున్నది" అనిపోతే, మనిషి క్షేమమని ఇంటివాళ్ళకి అర్థం. దంపుడు పాటలో ఊరి పేరు మార్చి పాడితే, మకాం మారిందని అర్థం. మా పుస్తకం ఒకదాంట్లో కూడా ఒకసారి ఎవరో పెట్టిన చీటీ దొరికింది. పంతులుగారు దాన్ని పొయ్యిలో వేసి, ఇక మీదట పుస్తకాలన్నీ దులిపి సంచిలో పెట్టమన్నారు. ఈ సంగతి ఊళ్ళకి ఊళ్ళు పాకింది. దులిపిన సంగతి పాకలేదు, దొరికిన సంగతే పాకింది.

నాకు ఇదంతా తెలుసు. తెలిసీ నా బుర్రకు తట్టలేదు, చూడండి.

మొదటి రోజు సరంగు దీవిలో పడగానే పెద్దమ్మ, అంటే వాళ్ళ అత్త, అడిగింది: "ఉప్పు ఏడికెల్లి తెచ్చుకుంటడే పోరీ?"

"సముద్రమంతా ఉప్పేనట పెద్దమ్మా."

"అంత ఉప్పు వాళ్ళకిచ్చి మనకు బావినీళ్ళిచ్చిండా దేవుడు! ఆయనకు గూడ మనిషి మొకం సూసి వడ్డించుడే."

అక్క నవ్వలేదు. గోడకానుకుని, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఆయన ఎట్లుంటడు చెల్లె? పొడుగా, పొట్టా?" అంది.

పుస్తకంలో లేదు. లేదని చెబితే అయిపోయేది. ఆమె ముఖం చూశాను. "పొడుగే" అన్నాను. ఆమె చేతిలో కాయ ఆగింది.

అలా మొదలైంది. ఇంకో వారం మాటల్లో, తన భర్త ఈల వేస్తే ఎడ్లు ఎక్కడివక్కడ ఆగుతాయని చెప్పింది. పై గురువారం నా సరంగు ఈల వేశాడు, దీవిలో మేకలు ఆగిపోయాయి. ఆయనకు చిన్నప్పుడు ఎడమకాలు విరిగి కొంచెం ఈడుస్తాడని పెద్దమ్మ నోట విన్నాను. సరంగు కాలు రాతి మీద జారి దెబ్బ తగిలింది. ఏ కాలు అని అక్క అడగలేదు, నేనే ఎడమ అన్నాను. ఆ మాటకి ఆమె లేచి లోపలికి పోయి, గిన్నె నిండా మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. నేనెంత బాగా చదువుతున్నానో అనుకున్నాను! దారంతా పొంగిపోతూ నడిచాను.

ఎండాకాలం ముదిరేసరికి పేజీలు అయిపోయాయి. సరంగు గుట్ట మీద మంట వేసుకుని ఎదురుచూస్తున్నాడు, దూరాన పొగ కనబడుతోంది, అది ఓడ పొగో మబ్బో తెలియదు. తర్వాత చెదలు.

"ఇక్కడి దాకనే ఉన్నది, మిగిలింది చెదలు తిన్నయని జెప్పు," అన్నారు పంతులుగారు.

సూర్యాపేట ఇళ్ళల్లో అలాగే చెప్పాను. తిట్టుకున్నారు, ఇంకో పుస్తకం మొదలుపెట్టమన్నారు. చివ్వెంలలో నోరు రాలేదు. అక్క ఆ రోజు ఇల్లు అలికి, పిల్లకి తలంటు పోసి కూర్చుంది. నోటుబుక్కులో రాయని పేజీ ముందు పెట్టుకుని, ఉన్నట్టే చదివాను. "ఆ పొగ ఓడదే. సుక్కాని విరిగి అల్లంత దూరంల ఆగిపోయింది. బాగు చేసుకుని పున్నమి నాటికి దీవికి వస్తది, సరంగును ఎక్కించుకుంటది."

"ఏ పున్నమి?" అంది అక్క.

"వచ్చే పున్నమే."

పెద్దమ్మ ఏదో అడగబోతే అక్క ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఆ చెయ్యి నేను చూశాను. దాని అర్థమే చూడలేదు.

పై వారం గురువారం దాకా ఆగకుండా చివ్వెంల నుంచి పిలుపు వచ్చింది. పెద్దమ్మ పంపింది, వెంటనే రమ్మని. పొద్దున్నే పోయాను. వాకిట్లో రెండు బండ్లు కట్టి ఉన్నాయి. మంచాలు, గాబులు, ధాన్యం బస్తాలు. పై ఊళ్ళో సర్కారు వైపు మనుషులు ఇళ్ళు తగలబెట్టారట, రేపో మాపో ఇక్కడికి వస్తారట. ఆ వాడ వాడంతా కోదాడ వైపు కదులుతోంది. కోదాడ దాటితే వేరే సర్కారు, అక్కడ పాకలు వేసుకుని ఉన్నవాళ్ళ దగ్గరికి పోతే ప్రాణాలు దక్కుతాయని. పిల్ల బస్తాల మీద కూర్చుని ఏడుస్తోంది. అక్క మాత్రం గడప లోపల కూర్చుని ఉంది. కదలదు.

పెద్దమ్మ నన్ను చూడగానే మీదికి వచ్చింది. "ఏం సదివినవే దీనికి? పున్నమి దాక కదలనంటది! పిల్లను మాకిచ్చి పొమ్మంటది. మేమందరం పోతే ఒక్కతే ఆడది గీ ఇంట్ల ఉంటదా? నీ నోరు వడిపోను, ఏం సదివినవ్?"

"అత్తా, జర మెల్లగ," అంది అక్క. "చెల్లెను అనకు. ఆమె పానం మీదికి తెచ్చుకొని కబురు మోసింది." నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. గొంతు తగ్గించింది. "నాకు మొదటి దినమే సమజైంది. పొడుగంటివి. ఈల అంటివి. ఎడమ కాలంటివి. దీవంటే కృష్ణ ఒడ్డు అడివే గదా? ఓడంటే మనోళ్ళు. పున్నమికి తోలుకొస్తమని జెప్పి పంపిన్రు. నేను లేకపోతే ఆయన ఖాళీ ఇంటికొస్తడు చెల్లె. ఇంకా నాలుగొద్దులే ఉన్నయి."

చెల్లెళ్ళారా, నేను చదివిన కథంతా ఆమె మొగుడి కబురుగా విన్నదని అప్పుడు తెలిసింది నాకు. అది ఇంగ్లీషు కథ అక్కా, ఈలా కాలూ నీ నోట విన్నవే నేను కలిపాను అనాలి. అనబోయాను. నోరు తెరిచాను కూడా. ఆమె నమ్మదని అర్థమైంది. పదిమంది ముందు నిజం ఎందుకు చెబుతుంది, భయపడి మాట మారుస్తోంది అనుకుంటుంది. ఒకవేళ నమ్మితే? నమ్మితే ఆ గడప నుంచి లేస్తుందా? అప్పుడు అసలే లేవదనిపించింది.

బండి తోలే ఆయన అరుస్తున్నాడు: "ఎండెక్కితే ఎడ్లు నడవయి, ఆమె వస్తదా రాదా?"

"అక్కా," అన్నాను, "ఓడ ఈడికి రాదు. తావు మారింది. అది చెప్పడానికే వచ్చిన. కోదాడ అవతల రోడ్డు మీదికొస్తది."

ఆమె నా కళ్ళల్లోకి చూసింది. నేనూ చూశాను. నాకు అబద్ధం అంత బాగా వచ్చని ఆ రోజే తెలిసింది.

"గది ముందుగాల చెప్పొద్దా!" అంది. లేచింది. లోపలికి పోయి భర్త దుప్పటి ఒకటి మడిచి చంకలో పెట్టుకుని బండి ఎక్కింది. పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ నా వైపు చూసిన చూపుంది చూడండి, అందులో దండమూ ఉంది, తిట్టూ ఉంది.

మూడో రోజున ఆ వాడ కాలిపోయింది. వాళ్ళిల్లు కూడా.

పంతులుగారికి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన ఎర్ర పుస్తకం అట్ట గోటితో గీకుతూ కూర్చున్నారు. "పానం కాపాడినవ్. దేనితోని కాపాడినవో అది ఆమె మెడకు కట్టి పంపినవ్," అన్నారు. తర్వాత ఏమనుకున్నారో, వారం తిరక్కుండానే ఆ గొడవల్లోనే మిర్యాలగూడ పోయి, ఎవరెవరినో అడిగి, దవాఖానకు వెళ్ళి అడిగి వచ్చారు. ఎడమకాలు ఈడ్చే బండి మనిషిని, తల పగిలి ఉన్నవాణ్ణి, ఎవరో తెచ్చి అక్కడ పడేశారట. రెండు రోజులు బతికాడట. ఊరు చివ్వెంల అని కాంపౌండరుకు చెప్పాడట. ఇంటికి కబురు చేసేవాళ్ళు దొరకలేదు. మేం సరంగును దీవిలో దించక ముందే ఆ మనిషి పోయాడు. నేను ఈల వేయించిందీ కుంటించిందీ చచ్చిపోయిన మనిషిని.

చెప్పడానికి ఎలా పోతాం? దారులు మూసుకుపోయాయి, బస్సులు లేవు. నిజంగా దారులే కారణమా అంటే, నా మట్టుకు నాకు దారి మూసుకుపోవడం హాయిగానే ఉంది. అదీ రాస్తున్నాను.

వానలు వెనకబడ్డాక గొడవలు చల్లబడ్డాయి. అప్పుడే పరదేశం స్టాంపుతో ఉత్తరం వచ్చింది. రచయితే రాశాడు. వణికే చేతిరాత, పంతులుగారు భూతద్దం పెట్టుకుని రెండు రోజులు చదివారు. తన పుస్తకం గురించి ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదట. సూర్యాపేట ఎక్కడుందో పటంలో వెతికాడట, దొరకలేదట. తాను సముద్రం మీద ఎప్పుడూ పోలేదట! ఓడల కంపెనీలో గుమాస్తాగా కూర్చుని రాసినవే అన్నీనట. ఆ మాట చదివి పంతులుగారు భూతద్దం కింద పెట్టేశారు, నాకైతే నవ్వొచ్చింది. ఆ తర్వాతది విన్నాక నవ్వు పోయింది.

ఆ పొగ మబ్బేనట. సరంగు ఇంటికి రాడట. పాఠకులు కోపగించుకున్నారట, అందుకే పుస్తకం అమ్ముడుపోలేదట. అయినా ఎందుకలా రాశానంటే, అని ఒక సంగతి చెప్పాడు. ఆయన గుమాస్తాగా ఉన్న రోజుల్లో మునిగిపోయిన ఓడ ఒకటి ఉండేదట. దాని మీద పోయినవాడి భార్య వచ్చి అడిగితే, చెప్పలేక, వచ్చే వారం కబురు తెలుస్తుందమ్మా అన్నాడట. ఆమె మూడేళ్ళు, వారం వారం, ఆ కిటికీ దగ్గరికి వచ్చిందట. ఆయన మూడేళ్ళూ వచ్చే వారం అనే చెప్పాడట. అందుకని పుస్తకంలోనైనా అబద్ధం చెప్పదలుచుకోలేదట.

"నువ్వే పోవాలె బిడ్డా," అన్నారు పంతులుగారు, ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టి. ఉత్తరంలోని ప్రతి ముక్కా తెలుగులో వేరే కాగితం మీద రాసిచ్చారు. ఈసారి నా మాటల్లో రాసుకోనివ్వలేదు.

కోదాడ దాకా బస్సు, అక్కణ్ణుంచి నడక. పాకల దగ్గర నీళ్ళు మోస్తున్న ఒకామెను అక్క గురించి అడిగాను. ఆ వైపు మనిషి. "ఆవిడా? రోడ్డు కాడే ఉంటదండీ రోజూ. బస్సొచ్చినప్పుడల్లా లేచి నిలబడుద్ది. మీరేం అవుతారు ఆవిడకి?" అంది. నేను అప్పటికే రోడ్డు వైపు నడుస్తున్నాను.

అక్క రోడ్డు పక్క రాతి మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది. ఒళ్ళో మడిచిన దుప్పటి. పిల్ల పక్కన మట్టిలో ఆడుకుంటోంది. నన్ను చూసి లేచి, "ఇంకా ఆగాల్నా? మళ్ళ మారిందా?" అంది.

మిర్యాలగూడ సంగతి చెబుదామని వెళ్ళినదాన్ని. ముందు ఉత్తరమే ఎత్తుకున్నాను. "పుస్తకం రాసినాయన ఉత్తరం రాసిండక్కా. సదువుతా," అన్నాను. ఆ కాగితం తీసి, ఉన్నది ఉన్నట్టు మొదటి నుంచి చివరి దాకా చదివాను. పొగ మబ్బేనని చదివాను. రాడని చదివాను. కిటికీ దగ్గరికి మూడేళ్ళు వచ్చిన ఆమె గురించి చదివాను.

ఒక బస్సు వచ్చింది, దుమ్ము లేపి పోయింది. అక్క నిలబడలేదు.

"అయితే అది కథనే."

"కథనే అక్కా. ఈల, కాలు నేను కలిపిన. కబురు కాదు. ఎవ్వరు పంపలే."

"ఆయనది గూడ తెలుసుకొనే వచ్చినవ్. నీ మొకం జెప్తున్నది. ఏడ?"

"మిర్యాలగూడ దవాఖానల."

"ఎన్నడు?"

చెప్పాను. ఆమె వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఏడవలేదు. నన్ను కొడుతుందని కూర్చున్నాను. కొడితే బాగుండేది. పిల్ల నోట్లో మట్టి పెట్టుకుంటే లాగి తుడిచింది.

"ఆ కిటికీకాడికి వచ్చినామె," అంది, పిల్ల చేతులు దులుపుతూ, "మూడేండ్ల తర్వాత ఏమైందట?"

కాగితం వెనక్కి తిప్పి చూశాను. "రాయలేదక్కా."

"మూడేండ్లు సూసిండు గదా ఆయన? నాలుగో ఏడు రాకపోతే, ఏమైందో పోయి అడగలేదా?"

"రాయలే."

"నీ దగ్గర కలముందా?"

ఉంది. ఆ కాగితం వెనకే రాశాను. ఆమె చెబుతుంటే, అన్న మాట అన్నట్టే.

"అయ్యా, మీ పుస్తకం సగం ఇన్నదాన్ని నేను. మీ కాడికి వచ్చినామె ఎందుకు మానుకున్నది? సచ్చిపోయిందా, తెలిసిపోయిందా? మళ్ళ పెండ్లి జేసుకున్నదా? ఏం పని జేసుకొని బతికింది? పిల్లలున్నరా? మీకు తెల్వకపోతే తెలుసుకొని రాయాలె."

నేను తలెత్తాను, ఇక అయిందనుకుని.

"ఇంకొక్క ముక్క," అంది అక్క. దుప్పటి విప్పి పిల్ల చుట్టూ కప్పి ఎత్తుకుంది. "నేను గూడ రేపటి సంది రోడ్డు మీదికి పోతలేనని రాయి. నాట్లకు పిలుస్తున్నరు, పోత. అది గూడ రాయి."